మెడ చూసి మసలుకోండి: పెరట్లో పెద్దబాతులు, వాటి పిల్లలు

అందరికీ నమస్కారం. పెద్దబాతుల్ని పెంచుతున్నవాళ్లు, పెంచాలనుకుంటున్నవాళ్లు ఇంతమంది వచ్చినందుకు సంతోషం. నేరుగా విషయంలోకి వెళ్దాం.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషులో గూస్ అనే పక్షికి మన దగ్గర ఒకే పేరు స్థిరపడలేదు. కొందరు గూస్ బాతు అంటారు, కొందరు హంస అనేస్తారు. నేను పెద్దబాతు అనే అంటాను. మామూలు బాతుకన్నా మెడ పొడుగు, ఒళ్లు బరువు, నీళ్లలో కన్నా గడ్డి మీద ఎక్కువసేపు గడుపుతుంది. ఇళ్లలో పెంచే జాతులు రెండు అడవి పక్షుల నుంచి వచ్చాయి. ఎంబ్డెన్, టూలూజ్ లాంటివి గ్రేలాగ్ అనే బూడిదరంగు పక్షి సంతతి. ముక్కు మొదట్లో బొడిపె ఉండే చైనీస్, ఆఫ్రికన్ జాతులు స్వాన్ గూస్ సంతతి. మూలం వేరైనా సంసారం తీరు ఒకటే. కోళ్లలో పుంజుకు పిల్లల గొడవ పట్టదు. మామూలు బాతుల్లోనూ మగది పెంపకంలో చెయ్యి పెట్టదు. పెద్దబాతుల్లో మాత్రం తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి పిల్లల్ని సాకుతాయి.

పెంచేవాళ్ల నోట ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఒకటుంది. ఏడాదంతా చేతిలో మేత తిన్న మగబాతు ఉన్నట్టుండి మీద పడుతోంది, దానికేమైందో తెలియడం లేదని. దానికేమీ కాలేదు. పెట్ట గుడ్లకు వచ్చింది, అంతే. గూడు ఎక్కడుందో దానికి తెలుసు, మీరు అటే వస్తున్నారనీ తెలుసు. ఇవాళ మీ పిక్క పట్టి మెలితిప్పిన ఆ ముక్కే, నెల తిరిగాక పిల్లల గుంపు మధ్య గడ్డి కొరుకుతూ ఏ పిల్లకూ తగలకుండా మసలుతుంది. ఆ కోపమూ ఆ కడుపుతీపీ ఒకే చోట పుడతాయి. కోపం ఎక్కువైందని మగబాతును తీసుకెళ్లి ఇంకో చోట మూసేస్తే పిల్లలకు కాపలా పోతుంది, పెట్ట కూడా పొదుగు మీద నిమ్మళంగా కూర్చోదు. కాబట్టి దాన్ని మార్చాలని చూడకండి. దాని మెడ ఏం చెబుతోందో తెలుసుకుంటే చాలు, రెండువైపులా సగం గొడవ తగ్గుతుంది.

మెడ సంగతే చెబుతాను. తల పైకెత్తి, మెడ కర్రలా నిటారుగా పెట్టి, ఒక కన్ను మీ వైపు తిప్పి కదలకుండా నిలబడితే అది ఇంకా ఆలోచనలో ఉంది. మీరు ఉన్నచోటే ఆగితే సంగతి అక్కడితో ముగుస్తుంది. ఇంకా దగ్గరికి వెళ్తే మెడ కిందికి దిగుతుంది, కొద్దిగా వంకర తిరుగుతుంది. ఆ తర్వాత మెడ నేలకు సమాంతరంగా సాగి, ముక్కు తెరుచుకుని, పాములా బుసకొడుతుంది. అది చివరి హెచ్చరిక. దాన్నీ దాటితే పరుగెత్తుకొచ్చి ముక్కుతో పట్టి, వదలకుండా రెక్కలతో బాదుతుంది. రెక్క మడత దగ్గర, మన మణికట్టు లాంటి చోట, గట్టి ఎముక బొడిపె ఉంటుంది. దెబ్బంతా దానితోనే. పెద్దవాళ్లకు కమిలి నీలం తేలుతుంది. చిన్నపిల్లలకైతే ఆ రెక్కలు సరిగ్గా ముఖం ఎత్తులోకి వస్తాయి. పొదుగు మొదలైన రోజు నుంచి బాతుపిల్లలకు రెండు నెలలు నిండేదాకా చిన్నపిల్లల్ని ఒంటరిగా ఆ వైపు పంపొద్దు.

మెడ సాచినప్పుడల్లా అది బెదిరింపే అనుకోకండి. ముక్కు సూటిగా మీ వైపే గురిపెట్టి ఉంటే బెదిరింపు. మెడ అలాగే సాచినా ముక్కు మిమ్మల్ని దాటి కాస్త పక్కకు చూస్తుంటే అది పలకరింపు. జంటలో ఒకదాన్నొకటి పలకరించుకునేది అలాగే. ఈ చిన్న తేడా తెలియక మచ్చికైన బాతు పలకరించడానికి వచ్చినా తరిమేవాళ్లుంటారు. నాలుగుసార్లు అలా తరిమితే అది నిజంగానే శత్రువవుతుంది.

మీదికొస్తే ఏం చేయాలి? పరుగెత్తొద్దు, వెన్ను చూపొద్దు. వెన్ను చూపితే తరిమేశానన్న ధైర్యం వస్తుంది, మర్నాడు ఇంకాస్త ముందే మొదలుపెడుతుంది. నిటారుగా నిలబడి, చేతులు రెండు పక్కలకూ చాచి, దాని వైపే చూస్తూ నెమ్మదిగా వెనక్కి తగ్గండి. తన్నడం, కర్రతో కొట్టడం అసలు వద్దు, మెడ ఎముక, రెక్క ఎముక ఇట్టే విరుగుతాయి. గూటి దగ్గర పని తప్పనప్పుడు రెండడుగుల చదరం పలకో, వెడల్పాటి తట్టో చేతిలో పట్టుకోండి. దాన్ని మీకూ మగబాతుకూ మధ్య గోడలా అడ్డం పెడితే చాలు, పలకను కాసేపు కొరుకుతుంది, మీ పని అయిపోతుంది. ఇంకో జాగ్రత్త: తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్యలోంచి నడవకండి. అటువైపు వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లండి. మూలకు తోలకండి, పారిపోవడానికి దారి లేని పక్షి తిరగబడక ఏం చేస్తుంది?

ఇప్పుడు గూడు. పెట్టకు కావలసింది మూడు వైపులా మరుగు, పైన నీడ, కింద పొడి నేల. రెండు రెండున్నర అడుగుల చదరం చోటు, అందులో జానెడు మందాన పొడి ఎండుగడ్డి వేయండి. బూజు పట్టిన గడ్డి వాడితే దాని శిలీంధ్రం పిల్లల ఊపిరితిత్తుల్లో చేరి, నోరు తెరుచుకుని రొప్పుతూ చనిపోతాయి, ఆ జబ్బుకు మందులు పెద్దగా పనిచేయవు. గూటి ముందు అంచు నాలుగంగుళాలు మించి ఎత్తు ఉండకూడదు. తల్లి సునాయాసంగా దాటే అంచును ఒక రోజు పిల్ల దాటలేదు. బయట పడ్డ పిల్ల లోపలికి రాలేక, తల్లి గూడు వదిలి వెళ్లలేక, రెండడుగుల దూరంలోనే పిల్ల చలికి పోతుంది.

పెట్ట ఇంచుమించు రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు గుడ్లయ్యాక, రొమ్ము మీది నూగు పీకి గూట్లో పరిచిందంటే ఇక పొదుగుకు కూర్చుంటోందని అర్థం. ఈకలు ఊడిపోతున్నాయని కంగారుపడేవాళ్లుంటారు. అది జబ్బు కాదు. నూగు తీసేసిన చోట ఒంటి వేడి నేరుగా గుడ్డుకు తగులుతుంది, తీసిన నూగు గూటికి పరుపవుతుంది. మేతకు లేచినప్పుడు ముక్కుతో ఆ నూగును గుడ్ల మీదికి లాగి కప్పి మరీ వెళ్తుంది. మొదటి గుడ్డు నుంచే కూర్చోకపోవడంలో ఒక లెక్క ఉంది. గుడ్లన్నీ ఒకేసారి వేడెక్కాలి, పిల్లలన్నీ ఒకేసారి బయటికి రావాలి. ఆ లెక్క చెడేది చాలాసార్లు మన అజాగ్రత్త వల్లే.

ఎలాగో చెబుతాను. 1938లో కోన్రాడ్ లోరెంజ్, నికోలాస్ టిన్‌బెర్గెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గ్రేలాగ్ పెట్ట గుడ్డును గూట్లోకి దొర్లించుకునే తీరును వర్ణించారు. గూటి బయట గుడ్డు కనబడితే పెట్ట మెడ సాచి, ముక్కు అడుగుభాగంతో దాన్ని మెల్లగా తనవైపు లాక్కుంటుంది. మధ్యలో గుడ్డును తీసేసినా ముక్కును గూటిదాకా లాక్కునే వస్తుంది. ఒకసారి మొదలైతే ఆ కదలిక ఆగదు. గుడ్డు తనదా పరాయిదా అన్న విచారణ దానికి లేదు. ఇంకో పెట్ట వచ్చి గూటి పక్కన గుడ్డు పెడితే దాన్నీ లోపలికి లాగేస్తుంది. అలా పొదుగు మొదలైన పది రోజులకు ఒకటి, పదిహేను రోజులకు ఒకటి చేరుతూ పోతే, చివర్లో కొన్ని పిల్లలు నడుస్తుంటాయి, కొన్ని గుడ్లలోనే ఉంటాయి. తల్లి నడిచే పిల్లల వెంట వెళ్లిపోతుంది, మిగతావి చల్లబడిపోతాయి. పొదుగు మొదలైన రోజే ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో గీత పెట్టండి. రెండు మూడు రోజులకోసారి చూసి, గీత లేని గుడ్డును తీసేయండి. రెండు పెట్టలు ఒకేసారి కూర్చుంటే గూళ్ల మధ్య పది పన్నెండు అడుగుల దూరం ఉంచి, ఒకటి ఇంకోదానికి కనబడకుండా తడిక కట్టండి. ఒకే గూట్లో రెండూ ఇరుక్కుంటే గుడ్ల కోసం తోసుకుంటాయి, పగిలేవే ఎక్కువ.

పొదుగు 28 నుంచి 31 రోజులు, భారీ జాతుల్లో ఇంకో రెండు మూడు రోజులు. మగబాతు గుడ్ల మీద కూర్చోదు, గూటికి నాలుగడుగుల దూరంలో పహారా కాస్తుంది. పెట్ట రోజుకు ఒకసారి, ఎక్కువంటే రెండుసార్లు లేచి, గబగబా మేసి, తాగి, ఒక మునక వేసి పావుగంట ఇరవై నిమిషాల్లో తిరిగొస్తుంది. ఆ తడి ఈకలతో కూర్చోవడం వల్ల గుడ్లకు తేమ అందుతుంది. గుడ్లు పొదిగే యంత్రం, అంటే ఇంక్యుబేటర్ వాడేవాళ్లు మొదటి వారం దాటాక గుడ్లను రోజూ పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి నీళ్లు చిలకరించడం ఈ పెట్ట నుంచి నేర్చుకున్నదే. కాబట్టి పెట్ట లేచిందని బెంగపడి గూట్లోకి తోలకండి. అయితే కొన్ని పెట్టలు మరీ అంకితమైపోయి లేవడం మానేస్తాయి, చిక్కి శల్యమవుతాయి. అలాంటి దానికి మేత, నీళ్లు గూటికి ఐదారడుగుల దూరంలో పెట్టండి. ముక్కుకు అందేంత దగ్గర పెడితే లేవకుండానే తిని గూట్లోనే రెట్ట వేస్తుంది, గుడ్లు మురుగుతాయి.

ఎనిమిది నుంచి పదో రోజు మధ్య, పెట్ట మేతకు వెళ్లినప్పుడు, ఒక్కో గుడ్డునూ చీకట్లో టార్చి మీద పెట్టి చూడండి. సాలెగూడులా నరాలు పరుచుకుని ఉంటే పిల్ల ఉంది. తేటగా పసుపుగా కనబడితే ఖాళీ. రక్తం ఒక వలయంలా చేరితే మధ్యలో ఆగిపోయింది. ఈ రెండు రకాలనూ తీసేయాలి. జాలిపడి వదిలేస్తే మురిగి, ఆ వేడికి గూట్లోనే పగిలి, మిగతా గుడ్ల మీద పడి వాటినీ పాడుచేస్తుంది. వాసన వచ్చే గుడ్డును కదిలించేటప్పుడు గుడ్డ చుట్టి తీయండి.

పిల్లలు బయటికి రావడానికి ఒకటి రెండు రోజుల ముందే గుడ్డులోంచి కిచకిచలు మొదలవుతాయి. అప్పుడు పెట్ట తల వంచి, మామూలుగా ఎప్పుడూ వినపడని సన్నటి గొంతుతో బదులిస్తుంది. దూరం నుంచి వింటే గొణుగుతున్నట్టుంటుంది. పెంకులోపల ఉండగానే పిల్లకు తల్లి గొంతు పరిచయమవుతోందన్నమాట. ఆ రెండు రోజులూ గూటి దగ్గర మాటలు, గొడవ తగ్గించండి, తాకనే వద్దు. పెంకుకు మొదటి బీట పడ్డాక పిల్ల పూర్తిగా బయటపడటానికి ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు. ఇక్కడే చాలామంది ఆగలేరు. పెంకు ఒలిచి సాయం చేద్దామనుకుంటారు. ఆ సమయంలో లోపలి పొరలో ఇంకా రక్తం తిరుగుతుంటుంది, పచ్చసొన ఇంకా పొట్టలోకి పూర్తిగా ఇంకదు. పొర చింపితే రక్తం కారి చనిపోతుంది, లేదా సొన బయటే ఉండిపోయి బొడ్డు కుళ్లుతుంది. బీట పడి 24 గంటలు నిండకుండా చేయి పెట్టకండి.

పుట్టిన పిల్లకు మొదటి రోజు మేత అక్కర్లేదు. ఇంకిన సొనే రెండు రోజులు చాలుతుంది. అందుకే తల్లి ముందు పుట్టినవాటిని రెక్కల కింద పెట్టుకుని తక్కినవాటి కోసం కూర్చోగలుగుతుంది. రెండో రోజు దాటితే ఆగదు, నడిచే పిల్లలు ఆకలికి బయలుదేరతాయి, తల్లీ లేస్తుంది. మిగిలిన గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని వినండి. లోపల చప్పుడున్నా, బీట పడి ఉన్నా వెచ్చగా ఇంక్యుబేటర్లోకి మార్చి, పిల్ల ఆరాక ఆ రాత్రే తల్లి కింద పెట్టేయండి. చడీచప్పుడూ లేనివాటి మీద ఆశ వదులుకోవాలి.

ఒక్క నిమిషం ఆగి, తల్లి రెక్క కింద ఏం జరుగుతుందో చెప్పాలని ఉంది. చల్లబడ్డ పిల్ల తల్లి పక్కకొచ్చి రొమ్మును ముక్కుతో పొడుస్తూ సన్నగా కూస్తుంది. తల్లి కూర్చుని రెక్కను ఒంటి నుంచి రెండంగుళాలు ఎడంగా తెరుస్తుంది, అంతే, ఎత్తదు. పిల్ల తల ముందు పెట్టి ఆ సందులోకి దూరుతుంది, కాసేపు వెనకభాగం మాత్రమే బయట కనబడుతుంది, లోపలే తిరిగి ఈకల మధ్య నుంచి తల బయటపెడుతుంది. నిద్ర వచ్చేటప్పుడు పిల్లలు ఇంకో రకంగా, వణుకుతున్నట్టు సన్నని రాగం తీస్తాయి. ఆ రాగం వినిపిస్తే అన్నీ వెచ్చగా ఉన్నట్టే. తప్పిపోయిన పిల్లది గట్టి ఈల, ఆగకుండా ఒకే తీరున వస్తుంది. ఈ మూడు గొంతులూ గుర్తుపట్టడం వస్తే, చీకట్లో తలుపు తీయకుండానే లోపలి పరిస్థితి తెలుసుకోవచ్చు.

ఆ గట్టి ఈలే మగబాతుకు రణభేరి. ఎంత మచ్చికైనదైనా సరే, పిల్ల ఈల వింటే మీద పడుతుంది. కుంటే పిల్లను, కన్ను మూసుకుపోయిన పిల్లను పట్టి చూడాల్సి వస్తే, పైనుంచి గద్దలా చేయి వేయకండి. రెండు చేతులూ కింద నుంచి పెట్టి తీసి, వెంటనే చీకటిగా ఉండే గుడ్డలో చుట్టి ఛాతీకి ఆనించుకోండి. చీకటి, వేడి తగిలితే పిల్ల ఊరుకుంటుంది, అది ఊరుకుంటే తండ్రీ ఊరుకుంటాడు. పెద్ద పక్షిని పట్టుకోవాలంటే కాళ్లు పట్టి వేలాడదీయొద్దు. రెక్కలు రెండూ ఒంటికి నొక్కిపెట్టి, తల వెనక్కి ఉండేలా చంకలో ఇరికించుకుని, కింద చెయ్యి ఆన్చండి.

కుటుంబం నడిచేటప్పుడు సాధారణంగా తల్లి ముందు, తండ్రి వెనక, పిల్లలు మధ్యలో ఉంటాయి. తల్లి మేస్తుంటే తండ్రి తల ఎత్తి ఉంటుంది. ఉన్నట్టుండి తల ఒక పక్కకు వాల్చి ఒకే కన్నుతో ఆకాశంలోకి చూస్తే పైన గద్ద తిరుగుతోందని అర్థం. మీరూ తలెత్తి చూడండి, చుక్కంత గద్ద కనబడుతుంది. పిల్లిని గానీ కాకిని గానీ తరిమేశాక మగబాతు తిరిగొచ్చే తీరు చూడదగ్గది. మెడ సాచి, గట్టిగా అరుస్తూ పెట్ట దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. పెట్ట కూడా మెడ కలిపి అరుస్తుంది. నాలుగైదు రోజుల పిల్లలు సైతం ఆ బారెడు మెడల పక్కన తమ వేలెడు మెడలు సాచి గొంతు కలుపుతాయి. దీన్ని విజయోత్సవం అంటారు. ఆ కుటుంబాన్ని కలిపి ఉంచే ముడి అది. అప్పుడు మధ్యలోకి వెళ్లి చెదరగొట్టకండి.

మగబాతు ఉంది కదా, ఇక భయం లేదనుకోవడం పొరపాటు. కాకినీ పిల్లినీ అది ఆపగలదు. కుక్కనూ నక్కనూ ఆపలేదు, ఎదురు నిలబడి ముందు తానే చచ్చిపోతుంది. క్రీస్తుపూర్వం 390 ప్రాంతంలో గాల్ జాతి సేనలు రాత్రివేళ రోమ్‌లోని కాపిటల్ కొండ ఎక్కుతుంటే జూనో దేవత గుడి బాతులు అరిచి కాపలావాళ్లను లేపాయని రోమన్ల కథ. ఆ కథలోనూ బాతులు అరిచాయి, పోరాడింది మనుషులు. పెరట్లోనూ అంతే, కేక దానిది, తలుపు గడియ మనది. రాత్రి గది తప్పనిసరి. పెద్ద పక్షి ఒక్కోదానికి కనీసం పది చదరపు అడుగుల చోటు చూడండి. కింది రెండడుగులకు అరంగుళం కన్నున్న గట్టి ఇనుప జాలీ వేయండి, ఆ జాలీ అడుగు లోతున భూమిలోకి దిగాలి. కోళ్ల జాలీ కన్ను పెద్దది, ఎలుక దూరి పిల్లల కాళ్లు కొరుకుతుంది.

మేత విషయంలో పిల్లల్ని పాడుచేసేవి మూడు. మొదటిది కోడిపిల్లల మేత యథాతథంగా పెట్టడం. పెద్దబాతు పిల్లలకు నయాసిన్ అనే బి3 విటమిన్ చాలా కావాలి, కిలో మేతలో 55 నుంచి 70 మిల్లీగ్రాములు. అది చాలకపోతే మోకీలు వాచి, కాళ్లు విల్లులా వంగిపోతాయి. మేతలో కిలోకు 50 నుంచి 75 గ్రాముల బ్రూయర్స్ ఈస్ట్ కలిపితే సరిపోతుంది. కాళ్లు వంగడం మొదలైన రోజే అందిస్తే చాలావరకు సర్దుకుంటాయి, వారం ఆలస్యమైతే అలాగే ఉండిపోతాయి. రెండోది గుడ్లు పెట్టే పక్షుల మేత. అందులో కాల్షియం మూడు నాలుగు శాతం ఉంటుంది, పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. తల్లి గిన్నెలో పిల్లలు తినక మానవు, కాబట్టి పిల్లలు పుట్టగానే అందరికీ పిల్లల మేతే పెట్టండి, తల్లికి గవ్వపొడి విడిగా ఎత్తులో పెట్టండి. మూడోది పొడుగాటి ముదురు గడ్డి. పిల్ల దాన్ని తుంచలేక మింగుతుంది, మెడ కింది మేతసంచిలో ఉండ కడుతుంది. మూడంగుళాల లోపు లేత గడ్డి ఉన్న చోటికి తోలండి. కాస్త గరుకు ఇసుక కూడా అందుబాటులో ఉంచండి, అది లేకుండా కందనకాయ గడ్డిని నలపలేదు.

మొదటి మూడు వారాలు మేతలో 20 నుంచి 22 శాతం మాంసకృత్తులు, ఆ తర్వాత 15, 16 శాతానికి దించాలి. దించకుండా బాగా పెరగాలని దట్టించి పెడితే రెక్క తిరుగుతుంది. రెక్క చివరి ఈకలు రక్తంతో నిండి బరువెక్కుతాయి, ఆ బరువును లేత కీలు మోయలేదు, రెక్క కొస బయటికి తిరిగి కర్రపుల్లలా పొడుచుకొస్తుంది. చూసిన రోజే రెక్కను సహజంగా మడిచి, ఈకకు అంటని మెత్తటి పట్టీతో మూడు నాలుగు రోజులు కట్టి, మేత తగ్గించి గడ్డి పెంచండి. ఎముక గట్టిపడ్డాక ఇక సరికాదు.

నీళ్ల సంగతి. గిన్నెలో ముక్కు రంధ్రాలు, కళ్లు మునిగేంత లోతు ఉండాలి. లేకపోతే మేత ముక్కులో గట్టిపడి, కళ్లు పుసి కడతాయి. తల్లి వెంట ఉన్న పిల్లలు రెండో రోజు నుంచే ఈదుతాయి, తల్లి ఈకల జిడ్డు వాటి నూగుకూ అంటుకుంటుంది. మునిగి చచ్చేది చెరువులో కాదు, నిటారు గోడల తొట్టిలో. తల్లి వెనక దూకుతాయి, ఎక్కలేవు, నూగు తడిసి బరువెక్కుతుంది. తొట్టి లోపలా బయటా ఇటుకలతో మెట్లు కట్టండి, లేదా పిల్లలు ఎదిగేదాకా బోర్లించేయండి. నేల మీద గుంటలూ గాళ్లూ పూడ్చండి, వెల్లకిలా పడ్డ పిల్ల తనంతట తాను లేవలేకపోవచ్చు.

ఇక్కడ ఒక చీటీ వచ్చింది. తల్లి లేని పిల్లల్ని వేరే పెట్ట తీసుకుంటుందా అని. పిల్లల వయసు రెండు మూడు రోజుల లోపు, ఆ పెట్ట సొంత పిల్లలదీ అదే వయసు అయితే చాలావరకు తీసుకుంటుంది. చీకటి పడ్డాక, దీపం లేకుండా, ఒక్కోదాన్నే రెక్క కిందికి జారవిడవండి. తెల్లారి కనీసం గంటసేపు దూరం నుంచి చూడండి. కొత్తదాన్నే వెతికి పొడుస్తుంటే తీసేయాలి. వయసులో వారం పైగా తేడా ఉంటే వద్దు, చిన్నవి పెద్దవాటి కాళ్ల కింద పడతాయి. పెట్ట కాదన్నా మగబాతు చేరదీసిన సందర్భాలు తక్కువేమీ కాదు, పిల్లల మీద దానికి అంత మమకారం. కాకపోతే రెక్క కింద వేడికి దాన్ని నమ్ముకోకండి, మొదటి వారం 32 డిగ్రీల వేడి మీరే ఇవ్వాలి, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి.

దీనికి ముడిపడిన ఇంకో సంగతి. పుట్టగానే ముందు కనబడిన కదిలే ప్రాణినే పిల్ల అమ్మ అనుకుంటుంది. 1935లో లోరెంజ్ ఈ ముద్ర గురించి వివరంగా రాశారు. 1973లో టిన్‌బెర్గెన్, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి నోబెల్ బహుమతి పొందారు. మనుషుల చేతుల్లో ఒంటరిగా పెరిగిన పిల్ల ముద్దుగానే ఉంటుంది. అది మగదైతే, రెండో ఏట జత కట్టాక కష్టం మొదలవుతుంది. దానికి మనుషులంటే భయం ఉండదు, మీరు దాని లెక్కలో ఇంకో బాతే, కాబట్టి ఇంకో మగబాతును ఎదిరించినట్టే ఎదిరిస్తుంది. తల్లిదండ్రుల దగ్గర పెరిగిన మగబాతు బుసకొట్టి ఆగుతుంది, చేతుల్లో పెరిగినది చాలాసార్లు ఆగదు. వీలైనంతవరకు పిల్లల్ని తల్లి దగ్గరే పెరగనివ్వండి. ఇంక్యుబేటర్లో తీయక తప్పకపోతే రెండు మూడు కలిపి పెంచండి, మేసే కుటుంబం కనబడే చోట ఉంచండి.

నాలుగైదు వారాలకు ఈకలు దట్టమై రెక్క కింద చోటు చాలదు, పిల్లలు తల్లి పక్కన ఆనుకుని పడుకుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే తల్లిదండ్రులు రెక్కల పెద్ద ఈకలు రాల్చుకుంటాయి. అప్పుడు బెదురు ఎక్కువ, మరుగు వెతుక్కుంటాయి. కోపం తగ్గిందని సంబరపడి దగ్గరికి వెళ్లకండి, నీడా నీళ్లూ దగ్గర్లో ఉంచి వదిలేయండి. ఎనిమిది తొమ్మిది వారాలకు పిల్లలకు ఈకలు పూర్తవుతాయి, పెద్దవాటికీ కొత్తవి వస్తాయి. అయినా కుటుంబం విడిపోదు. అడవిలో గ్రేలాగ్ పిల్లలు చలికాలమంతా తల్లిదండ్రుల వెంటే ఉండి, మళ్లీ గూడు కట్టే కాలం వచ్చినప్పుడే వేరవుతాయి.

చివరి చీటీ కూడా దీని గురించే, పిల్లల్ని ఇతరులకు ఎప్పుడు ఇవ్వొచ్చని. పది వారాలు నిండాక. ఎప్పుడు ఇచ్చినా జంటగా ఇవ్వండి, ఒక్కదాన్ని పంపకండి. ఒంటరిగా వెళ్లిన పిల్ల మేత ముట్టకుండా రోజుల తరబడి ఈల వేస్తుంది, ఇక్కడ తల్లిదండ్రులు కంచె వెంబడి తిరుగుతూ పిలుస్తుంటాయి. ఇవ్వకుండా ఉంచుకున్న మగపిల్లల్ని తర్వాతి గుడ్ల కాలం రాకముందే వేరే దొడ్లోకి మార్చండి. పెట్ట గూడు వెతుక్కోవడం మొదలుపెట్టగానే తండ్రి వాటినీ తరుముతుంది. కంచె దగ్గర మెడ సాచి నిలబడినప్పుడు దాని ముక్కు ఎటు చూస్తోందో గమనించండి. కొడుకుల వైపే సూటిగా ఉంటే ఆ సాయంత్రమే మార్చేయాలి.